పడమటి గోడ పళ్ళెం

గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని సారూన్ మరోసారి వాసన చూసింది.

"ఏంటక్కా, నా గరిటెకేమన్నా జలుబు చేసిందా, అంతలా చూస్తున్నావు?" అంది బియ్యపు సేమ్యా అమ్మే ఆవిడ.

రేవు మెట్ల మీద ఆవిడ దుకాణం. ఒక కుండలో చేపల పులుసు. ఇంకో కుండలో కొబ్బరిపాలూ, పసుపూ, నిమ్మగడ్డీ వేసి మరిగించిన నీచు లేని పులుసు. పిండాల పక్షంలో నీచు మానేసే వాళ్ళు ఎక్కువగా వస్తారని ఆ రెండో కుండ పెట్టింది.

"దీనికి ప్రహోక్ తగిలింది," అంది సారూన్.

"తగల్లేదు తల్లీ! పులియబెట్టిన ఆ చేపల ముద్ద ఆ కుండలో, ఆ గరిటె ఆ కుండకి. ఇది దీనికే."

"రెండు గరిటెలూ ఈ బకెట్లోనే కదా కడుగుతున్నావు?"

ఆవిడ బకెట్ వంక చూసింది. తర్వాత నది వంక చూసింది. వానలకి తోన్లే సాప్ గట్లు దాటి పొలాల్లోకి పరుచుకుని ఉంది. "ఈ నీళ్ళ నిండా చేపలే కదక్కా. మరి నీ కూతురి చేత నీళ్ళు కూడా మానిపిస్తావా?"

చుట్టూ కూర్చుని తింటున్న వాళ్ళు నవ్వారు. సారూన్ కూతురు పిసెయ్ కూడా నవ్వింది, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని. "పిన్నీ, ఆ మాట గట్టిగా అనకు. మా అమ్మ నిజంగానే మానిపిస్తుంది."

సారూన్ నవ్వలేదు. కూతురి చేతిలోంచి గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టేసింది. పిసెయ్ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. నిన్న సాయంత్రం తిన్నది రెండు అరటిపళ్ళు. పిల్ల మొహం వాడిపోయి ఉందని తల్లికి తెలుసు. తెలిసి కూడా గిన్నె తీసేసింది, ఎందుకంటే ఆమె భయం ఆకలిని గురించి కాదు.

ఎండాకాలంలో పిసెయ్‌కి జ్వరం వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, చెట్లెక్కే పిల్ల, మంచం మీద చింకిచాపలా అయిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు 'చూద్దాం' అన్నాడు. 'తగ్గుతుంది' అనకుండా 'చూద్దాం' అంటే దాని అర్థమేంటో తల్లులకి చెప్పక్కర్లేదు. సారూన్ ఎర్రటి ఎండలో ఊరి చివర, ఊరిని కాచే తాత దేవర గుడిసె దగ్గరికి పరిగెత్తింది. అగరొత్తులు వెలిగించి నేల మీద పడి మొక్కుకుంది. "దీన్ని నాకు వదిలెయ్యి తాతా. పిండాల పక్షంలో ఏడు ఆరామాలూ దీని కాళ్ళతో తిప్పుతాను. ఏడూ అయ్యేదాకా దీని నోట నీచు పడనివ్వను." అంతవరకూ బాగానే ఉంది. కానీ నోరు ఆగలేదు. "పడితే నువ్విచ్చింది నువ్వే తీసుకో," అనేసింది.

ఆ చివరి మాట ఆమెని ఎవరూ అడగలేదు. దేవర అడగలేదు, పక్కన ఎవరూ లేరు. అయినా అనేసింది. పిల్లకి జ్వరం తగ్గిన రోజు నుంచీ ఆ మాట ఆమె గుండెలో ముల్లులా కూర్చుంది.

నాలుగు ఆరామాలు అయ్యాయి. మూడు మిగిలాయి. రేపటితో పక్షం ఆఖరు.

"నీచు లేకపోవడం నాకు కష్టం కాదమ్మా," అంది పిసెయ్ పడవెక్కుతూ. "ప్రహోక్ అంటే నాకెలాగూ పడదు. అసలు తిండే లేకపోవడం కష్టంగా ఉంది."

అదీ నిజమే. ఇంట్లో ప్రహోక్ కుండ మూత తీస్తే చాలు, చిన్నప్పుడు వీధిలోకి పరిగెత్తేది. 'ఇది మన పిల్ల కాదే, ఆసుపత్రిలో ఎవరో మార్చేశారు,' అని మేనమామలు ఏడిపించేవాళ్ళు. ఆ కంపు తగిలిన అన్నం ఇప్పటికీ ముట్టదు.

"అయిదో ఆరామంలో వంటలుంటాయి. అక్కడ తిందువుగాని," అంది తల్లి.

పడవ నడిపే తాత తెడ్డు వేస్తూ, "ఆ ఆరామమా? అక్కడ భోజనం బాగుంటుందమ్మా," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆగాడు. నీళ్ళలో మునిగిన తాటిచెట్ల మధ్య నుంచి పడవ నెమ్మదిగా సాగింది.

*

అయిదో ఆరామం నీళ్ళ మధ్య దిబ్బ మీద ఉంది. వాళ్ళు చేరేసరికి భిక్షువుల భోజనాలైపోయాయి. వంటశాలలో ఆడవాళ్ళు గిన్నెలు సర్దుతున్నారు. అరటిపువ్వు పచ్చడి ఉంది, పనసకాయ కూర ఉంది, వేయించిన బియ్యప్పిండి వేసి ఉడికించిన ఆకుకూరల పులుసు ఉంది.

"నీచు లేనిదేమన్నా ఉందా వదినా?" అని అడిగింది సారూన్.

"ఆ పచ్చడి తినండమ్మా, దాంట్లో ఏమీ లేదు."

సారూన్ కళ్ళు పచ్చడి మీద లేవు. అరటిపువ్వు తరిగిన కత్తిపీట మీద ఉన్నాయి. కత్తిపీట కొసన చేప పొలుసు ఒకటి మెరిసింది. అంతే, కూతురి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

"అమ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయే."

"ఉండు. ఒక్క నిమిషం ఉండు. ఏదో ఒకటి చూస్తాను."

గుడి చుట్టూ తిరిగింది. పడమటి వైపు గోడ కింద అరటాకులు పరిచి ఉన్న పెద్ద పళ్ళెం కనబడింది. దాని నిండా పిండం ముద్దలు, బంక అన్నంలో నువ్వులూ కొబ్బరీ కలిపి చుట్టినవి. పక్కన అగరొత్తుల బూడిద.

సారూన్ గుండె తేలికపడింది. దీనికంటే భద్రమైన తిండి ఏముంటుంది? అన్నం, నువ్వులు, కొబ్బరి, ఉప్పు. గరిటె తగలదు, కత్తి తగలదు, ఒట్టి చేత్తో చుడతారు. వాళ్ళ ఊళ్ళో తెల్లవారకముందే ముద్దలు చీకట్లోకి విసురుతారు, చచ్చిపోయిన వాళ్ళు తినేసి పోతారు. మిగిలినవి పొద్దెక్కాక పిల్లలూ కోళ్ళూ తింటాయి. ఎవరూ తప్పనరు. ఇప్పుడు పొద్దు నడినెత్తిన ఉంది. ఇవి మిగిలినవే అయి ఉండాలి.

అయితే గుడి మెట్ల మీద కుక్కలు పడుకుని ఉన్నాయి. అన్నీ పళ్ళెం వైపే చూస్తున్నాయి. ఒక్కటీ దగ్గరికి రాలేదు. వాటికి కడుపులు నిండి ఉంటాయిలే అనుకుంది సారూన్. ప్రతి దానికీ భయపడే మనిషి, సరిగ్గా భయపడాల్సిన చోట భయపడలేదు.

"తిను," అంది.

పిసెయ్ ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది. నీళ్ళ అడుగు నుంచి తీసినట్టు."

"చాల్లే మరి."

"బాగుంది," అంది పిసెయ్. మళ్ళీ చెయ్యి చాపింది. నములుతున్నంతసేపూ ఆమె కళ్ళు రెప్పవేయలేదు.

సారూన్ తను ముట్టుకోలేదు. పిల్లకి చాలకపోతే ఎలా అని.

తిరిగి పడవెక్కేటప్పుడు తాత తెడ్డు ఆపి నీళ్ళ వంక చూశాడు. నీళ్ళు పడవ అంచుకి బెత్తెడు దగ్గరికి వచ్చాయి. "ఏం ఎక్కించారమ్మా? ఆరామంలో బియ్యం మూటేమన్నా ఇచ్చారా?"

"ఏమీ లేదు తాతా. వచ్చిన వాళ్ళమే."

తాత వాళ్ళిద్దరి వంకా చూశాడు. వాళ్ళిద్దరి మధ్యనున్న ఖాళీ చెక్క వంక కూడా చూశాడు. గబగబా తెడ్డు వేసి అవతలి గట్టు చేర్చాడు. దిగేటప్పుడు సారూన్ డబ్బులిస్తే, చేత్తో అందుకోకుండా చెక్క మీద పెట్టమన్నాడు.

*

గట్టు మీద నుంచి ఆరో ఆరామానికి మట్టి దారి. మధ్యలో తాటిబెల్లం కాచే వాళ్ళ పాక ఒకటి ఉంది. అక్కడ ఒక పచ్చి బాలింత, బిడ్డని ఊయల్లో వేసి, దారిన పోయేవాళ్ళకి వండిపెడుతోంది. వంట పక్షం రోజులూ నీచు లేకుండానే. ఆమె మొగుడికి కూడా ఏదో మొక్కు ఉందట. గుమ్మడికాయ, పచ్చి బొప్పాయి, వంకాయ, సోయా ముక్కలు వేసి చిక్కగా వండిన పులుసు. పాకలో ప్రహోక్ కుండే లేదు. సారూన్ చూరు కింద, పొయ్యి వెనక, నీళ్ళ కాగు పక్కన అంతా వెతికి మరీ నమ్మింది.

"ఇల్లు సోదా చెయ్యడానికి పోలీసులు కూడా ఇంత వెతకరు పిన్నీ," అంది బాలింత నవ్వుతూ. "పాత చెప్పుల్లో కూడా చూసుకో."

"ఏమనుకోకమ్మా. మొక్కు."

"అర్థమైంది. కూర్చోండి."

పులుసు గరిటె జారనంత చిక్కగా ఉంది. పిసెయ్ పళ్ళెం ముందు కూర్చుంది. ఒక్క ముద్ద పెట్టుకుంది. తర్వాత పళ్ళెం మీదికి వంగి, చేత్తో అడుగు దేవసాగింది.

"ఏంటే?"

"అన్నీ నీళ్ళే," అంది పిసెయ్, మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు. "అడుగున నాలుగు మెతుకులు కూడా లేవు. వాళ్ళు చూడకముందే కుండ అడుగు గీకి పెట్టవే."

సారూన్ వీపు మీద చల్లటి చెయ్యి వేసినట్టయింది. ఆ మాట పిసెయ్‌ది కాదు. అలాంటి మాటలు సారూన్ వాళ్ళ అమ్మ అనేది. ఊళ్ళకి ఊళ్ళనే ఆకలితో చంపిన నల్లబట్టల సైన్యం కాలంలో బతికి బయటపడ్డ వాళ్ళంతా అలాగే అనేవాళ్ళు. బానెడు నీళ్ళలో గుప్పెడు బియ్యం వేసి కాచిన జావని వరసలో నిలబడి పోయించుకున్న వాళ్ళు. ఆ కాలానికి సారూన్ కూడా పుట్టలేదు. పిసెయ్‌కి ఎవరూ చెప్పలేదు.

"ఎవరు చూడకముందే?"

"ఏంటి?" అంది పిసెయ్ తలెత్తి. మామూలు మొహం.

"ఇప్పుడు నువ్వే అన్నావు కదే."

"నేనేమన్నాను? తింటున్నాను కదా." కింద చూసింది. పళ్ళెం ఖాళీ. "అప్పుడే అయిపోయిందా? అక్కా, ఇంకాస్త పెట్టవా?"

బాలింత పెట్టింది. మళ్ళీ పెట్టింది. ఆఖరికి కుండ వంచి పెట్టింది. పిసెయ్ తింటూనే ఉంది. తింటున్న కొద్దీ బుగ్గలు లోపలికి పోతున్నట్టు అనిపించింది సారూన్‌కి. ఆఖరి ముద్ద మింగి, ముక్కు ఎగబీల్చి, "కాస్త ప్రహోక్ ఉంటే ఎంత బాగుండేదో," అంది.

ఊయల్లో బిడ్డ ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది. బాలింత పరిగెత్తి బిడ్డని ఎత్తుకుని, తల మీద చెయ్యి కప్పి, పాక మూలకి పోయి నిలబడింది. ఆమె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"వెళ్ళిపోండి పిన్నీ."

"ఎంతయిందో చెప్పమ్మా, ఇచ్చేసి..."

"ఏమీ వద్దు. ఆ పళ్ళెం కూడా తీసుకుపోండి. నేను కడగను."

*

ఆరో ఆరామం చేరేసరికి పొద్దు వాలుతోంది. పూజలు చేయించే ఆచారి, బక్కగా పొడుగ్గా ఉన్న ముసలాయన, మెట్ల మీద కూర్చుని కాళ్ళకంటిన బురద గోక్కుంటున్నాడు. సారూన్ పిసెయ్‌ని బుద్ధుడి విగ్రహం ముందు కూర్చోబెట్టి, తను ఆయన ముందు కూలబడి జరిగిందంతా చెప్పింది.

"నీచు తగులుతుందని పచ్చడి వద్దన్నావు," అన్నాడు ఆచారి అంతా విని.

"అవును తాతా."

"కత్తిపీట మీద పొలుసు కనబడింది గానీ, గోడ ఏ వైపుదో కనబడలేదు నీకు."

"మా ఊళ్ళో మిగిలిన ముద్దలు పిల్లలు తింటారు..."

"మీ ఊళ్ళో తింటారు. ఇక్కడ కాదు. ఆ గోడ వెనక ఏముందో తెలుసా నీకు? నల్లబట్టల కాలంలో ఆ గుడినే వాళ్ళు గిడ్డంగి చేసుకున్నారు. ఆకలితో పోయిన వాళ్ళందరినీ పడమటి గోడ వెనకే పడేశారు. అక్కడివి పేర్లు తెలియని ఎముకలు. తెల్లవారుజామున విసిరే ముద్దలు చుట్టాలున్న ప్రేతాలకి. వాళ్ళని పేరుపెట్టి పిలుస్తారు, వాళ్ళు వచ్చి తింటారు. పిలిచే దిక్కు లేని వాళ్ళ కోసం ఆ పళ్ళెం. పొద్దు వాలేదాకా ఎవరూ ముట్టరు. పిలుపు లేని వాళ్ళు నడిచి రావడానికి టైం పడుతుంది కదా మరి."

సారూన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ పిల్ల ఎవరి వాటానో తినేసింది. ఆ వాటా ఎవరిదో, ఆవిడ తన అన్నం వెనకాలే వచ్చేసింది. తప్పు ఆవిడది కాదు."

"ఆవిడ అని నీకెలా తెలుసు తాతా?"

ఆచారి గుడి లోపలికి చూశాడు. పిసెయ్ ఇటు వీపు పెట్టి కూర్చుని, జుట్టు ముందుకి వేసుకుని పిండుకుంటోంది. ఆ వేళంతా వాన లేదు. అయినా వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు చాప మీదికి కారుతున్నాయి.

"రేపు పక్షం ముగుస్తుంది," అన్నాడాయన గొంతు తగ్గించి. "అరటి దొప్ప పడవల్లో దారి బత్తెం పెట్టి వాళ్ళని పంపించేస్తాం. ప్రేతలోకం తలుపులు మూసుకుంటాయి. ఆలోపు ఈవిడ దిగకపోతే ఇంక దిగదు."

"ఎలా దించాలి?"

"తనకేం కావాలో పెట్టాలి."

"ఆవిడకి ప్రహోక్ కావాలి తాతా! నా పిల్ల నోట్లో అది పెడితే మొక్కు పోతుంది. మొక్కు పోతే దేవర పిల్లని తీసుకుంటాడు. నేనే అన్నాను తీసుకోమని, నా పాడు నోటితో నేనే అన్నాను. పెట్టకపోతే ఈవిడ తీసుకుంటుంది. ఎటు పోను?"

ఆచారి చాప మీదికి కారుతున్న నీళ్ళ వంక చూశాడు. "చచ్చిపోయిన వాళ్ళు పిలుపుని బట్టి పోతారు," అన్నాడు. "ఈవిడకి పిలుపు లేదు కాబట్టి దొరికిన నోట్లో కూర్చుంది. ఎవరైనా తన మనిషి అని చెప్పి వేరే నోట్లోకి పిలిస్తే, పోవచ్చు."

"తర్వాత అక్కడి నుంచి వెళ్ళిపోతుందా?"

"చుట్టమని పిలిచాక పొమ్మంటే ఎలా అమ్మా? మన చుట్టాలు ఏడాదికోసారి వచ్చి తిని పోతారు." ఆయన మళ్ళీ కాలి బురద గోక్కున్నాడు. "కొందరు పోరు."

ఆ రాత్రి సారూన్ తన గళ్ళ తువ్వాలుతో కూతురి మణికట్టుని తన మణికట్టుకి కట్టుకుని పడుకుంది. తెల్లారి చూస్తే ముడి అలాగే ఉంది. కానీ అది తను వేసిన ముడి కాదు. పశువుని గుంజకి కట్టే ముడి, తడిసి బిగుసుకుపోయి ఉంది. విప్పడానికి పళ్ళతో లాగాల్సి వచ్చింది.

*

మళ్ళీ అయిదో ఆరామానికి అనేసరికి పడవ తాత రానన్నాడు. సారూన్ ఆయన కాళ్ళ మీద పడింది. "కళ్ళు మూసుకుని తెడ్డు వేస్తాను. మీరు మాట్లాడకండి," అన్నాడు. అలాగే వేశాడు.

పక్షం ఆఖరు రోజు కావడంతో అయిదో ఆరామం జనంతో కిటకిటలాడుతోంది. పిల్లలు అరటి దొప్పలతో చిన్న చిన్న పడవలు చేస్తున్నారు. వాటిలో అన్నం, నువ్వులు, ఉప్పు, అరటిపళ్ళు సర్దుతున్నారు. సారూన్ వంటశాలకి పోయి ఒక మూల పొయ్యి అడిగింది.

"నిన్న నీచు వద్దని మా పచ్చడిని అసహ్యించుకున్న ఆవిడవి నువ్వే కదూ?" అంది వంటావిడ.

"నేనే. ఇవాళ ప్రహోక్ కావాలి. ఎక్కువ కావాలి."

వంటావిడ ఎగాదిగా చూసింది. "నీకు మధ్యలో ఏ గాలి సోకిందమ్మా?" అంటూనే కుండ ముందుకి తోసింది.

సారూన్ పడమటి గోడ దగ్గర మూడు రాళ్ళు పెట్టి వండింది. అన్నం గట్టిగా వార్చింది. ప్రహోక్‌ని అరటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చింది. దుంపరాష్ట్రం, మిరపకాయలు దంచి దాంట్లో కలిపింది. ఆ ఘాటు గాల్లో కలవగానే మెట్ల మీది కుక్కలన్నీ లేచి గుడి అవతలి వైపుకి వెళ్ళిపోయాయి.

పిసెయ్ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వాసన తగలగానే ఆమె తల నెమ్మదిగా ఇటు తిరిగింది. ప్రహోక్ అంటే వీధిలోకి పరిగెత్తే పిల్ల, నాలుగు కాళ్ళ మీద పాకుతూ వచ్చింది.

"ఒక్క ముద్ద పెట్టవే," అంది. గొంతు సన్నగా ఉంది, పిసెయ్ కంటే చిన్నపిల్ల గొంతు. "దొంగతనంగా తిననులే. నువ్వు పెడితేనే తింటాను. ఒక్క ముద్ద."

సారూన్ ఏడ్చింది. ఎవరి పిల్లో ఇది! దీనికీ ఒక తల్లి ఉండే ఉంటుంది. అన్నం ముందు కూర్చున్న పిల్లకి పెట్టకుండా ఆపడం ఏ తల్లికైనా ఎంత కష్టం! అయినా ఆ నోరు తన కూతురిది. ఒక చేత్తో ఆ నోరు మూసేసింది. అరచేతి కింద పెదాలు నీళ్ళ లోంచి తీసిన చేపల్లా చల్లగా కొట్టుకున్నాయి, పళ్ళు చర్మంలో దిగాయి. చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో అన్నమూ కాలిన ప్రహోక్ కలిపి పెద్ద ముద్ద చేసి తన నోట్లో పెట్టుకుంది.

మొక్కు పిసెయ్ నోటికి. సారూన్ నోటికి మొక్కు లేదు. పిల్ల తినకూడనిది తనెలా తింటుందిలే అని ఇన్నాళ్ళూ మానేసిందంతే.

"అక్కా!" అని పిలిచింది నిండిన నోటితో. ఆమెకి అక్కల్లేరు. వాళ్ళమ్మకి తనే మొదటి కాన్పు. "అక్కా, ఇటు రా! మా అమ్మ కడుపున నాకంటే ముందు పుట్టావు నువ్వు. మన ఇంటి పిల్లవి. అది నీకు కూతురి వరస, దాన్ని వదిలిపెట్టు. నేను తింటున్నాను చూడు, నాతో తిందువుగాని రా!"

ఏమీ కాలేదు. వరద నీళ్ళు దిబ్బకి తగులుతున్న చప్పుడు వినబడుతోంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. "రా అక్కా. కుండ నిండా ఉంది. ఎవరూ చూడరు."

అప్పుడు నోట్లో ప్రహోక్ రుచి పోయింది. ఉప్పు పోయింది, కారం పోయింది. మట్టి నీళ్ళ చల్లదనం నాలుక మీద పరుచుకుని గొంతులోకి దిగింది. చేతి కింద పళ్ళు పట్టు వదిలాయి.

"ఛీ!" అంది పిసెయ్ తల్లి చెయ్యి తోసేస్తూ. "ఏంటమ్మా ఈ కంపు! మొహం మీద రుద్దుతావేంటి? దూరం జరుగు!" వెనక్కి పాకి ముక్కు మూసుకుంది. "అయ్యో, చేతికేమైంది? రక్తం వస్తోందే!"

సారూన్‌కి నవ్వాలనిపించింది, పిల్లని గుండెకి హత్తుకోవాలనిపించింది. చెయ్యి మాత్రం కుండలోకే పోయింది. తిన్నది. కుండ ఖాళీ అయ్యేదాకా తిన్నది, అడుగు గోళ్ళతో గీకి తిన్నది. వంటశాల నుంచి చూస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ, "ఎన్నాళ్ళయిందే తల్లీ అన్నం చూసి?" అని నవ్వబోయింది. మిగతా వాళ్ళు నవ్వకపోయేసరికి నోరు మూసుకుంది.

*

పొద్దు వాలకముందే ఏడో ఆరామం చేరారు. పిసెయ్ తన కాళ్ళతో మెట్లెక్కింది, దీపం పెట్టింది, నేల మీద తల ఆనించి మొక్కింది. ఆమె నోట నీచు పడలేదు. మొక్కు తీరింది.

చచ్చిపోయిన వాళ్ళ పేర్లు చదివే అక్కడి ఆచారి సారూన్ దగ్గరికి వచ్చాడు. ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, అత్తమామల పేర్లు చెప్పింది. "ఇంకా మా అక్క," అంది.

"పేరు?"

"అక్కే. అలాగే చదవండి."

పిసెయ్ ఆశ్చర్యంగా చూసింది. "నీకు అక్కెక్కడిదమ్మా? నాకెప్పుడూ చెప్పలేదే."

"ఇప్పుడు చెప్తున్నాను కదా."

తిరుగు దారిలో రేవు పడవలో జనం ఎక్కువగా ఉన్నారు. అందరూ ఇళ్ళకి పోతున్న వాళ్ళే. నది నిండా అరటి దొప్ప పడవలు, చిన్న దీపాలతో కిందికి కొట్టుకుపోతున్నాయి. ఒకామె ఉడికించిన మొక్కజొన్న కంకులు అమ్ముతోంది. పిసెయ్ రెండు కొని ఒకటి తల్లికిచ్చింది. తనది వలుచుకుని గబగబా తింది. పిల్ల బుగ్గలకి రంగు వచ్చింది. సగం కంకికే, "అబ్బ, పొట్ట నిండిపోయింది," అని తల్లి భుజం మీద తల వాల్చింది.

వెచ్చగా ఉంది పిల్ల తల. ఆ తల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది సారూన్. ఎండాకాలం నుంచీ గుండెలో ఉన్న ముల్లు ఇప్పుడు లేదు. దానికి భయపడక్కర్లేదు, దీనికి భయపడక్కర్లేదు. పిల్ల బతికింది, అంతే చాలు.

"అమ్మా," అంది పిసెయ్ ఉన్నట్టుండి తలెత్తి. "అదేంటే, పొట్టుతో తినేస్తున్నావు?"

సారూన్ కిందికి చూసుకుంది. చేతిలో కంకి లేదు. గింజలు లేవు, పైపొట్టు లేదు, పీచు లేదు, లోపలి బెండు కూడా లేదు. దవడ ఇంకా ఆడుతూనే ఉంది. పక్కన కూర్చున్న వాళ్ళు మెల్లగా జరిగారు.

"నీది పూర్తిగా తింటావా, ఇస్తావా?" అని అడిగింది కూతురిని.

పిసెయ్ తన చేతిలోని సగం కంకి అందించింది.

"నాకు కాదులే," అంది సారూన్ దాన్ని అందుకుంటూ, మెత్తగా, పిల్లకి సర్దిచెప్పినట్టు. "పెద్దమ్మకి. పాపం, ఇంకా ఆకలి తీరలేదు."